మన్యంలో నీలిరాళ్లు నీలివజ్రాలు కావు

అరకులోయ: మన్యంలో నీలిరంగు రాయి కంటపడితే చాలు, వజ్రమేమోనన్న ఆశ మొలకెత్తుతుంది. రంగురాళ్ల కోసం తవ్విన గోతుల్లో మట్టిపెళ్లలు విరిగిపడి గిరిజనులు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలూ ఉన్నాయి. నీలివజ్రం పుట్టుక తెలిస్తే ఆ ఆశకు ఇక్కడ తావు లేదని అర్థమవుతుంది.

సాధారణ వజ్రాలు భూగర్భంలో సుమారు 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున ఏర్పడతాయి. నీలివజ్రాల జన్మస్థానం ఇంకా దిగువన ఉంది. 46 నీలివజ్రాల్లో చిక్కుకున్న సూక్ష్మ ఖనిజాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, అవి 660 కిలోమీటర్లకు మించిన లోతుల్లో పుట్టాయని 2018లో వెల్లడించారు. రంగుకు కారణం బోరాన్. అది ఎర్రని కాంతిని పీల్చుకుని నీలాన్ని మిగులుస్తుంది. చిత్రమేమిటంటే, బోరాన్ భూమి పైపొరల్లోనే అధికం. సముద్రగర్భ శిలాఫలకాలు లోపలికి కుంగుతూ దాన్ని వెంట తీసుకుపోయి ఉంటాయని వారి అభిప్రాయం.

వాషింగ్టన్ మ్యూజియంలోని 45.52 క్యారెట్ల హోప్ వజ్రం పల్నాటి సీమలోని కొల్లూరు గనిదేనని చరిత్రకారులు భావిస్తున్నారు. ఆ గని ప్రాంతం నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది.

తూర్పు కనుమల కథ వేరు. ఇక్కడి ఖొండలైటు శిలలు 900 డిగ్రీలకు పైబడిన వేడిని చవిచూసినా, అది జరిగిన లోతు దాదాపు 25 నుంచి 35 కిలోమీటర్లే. వజ్రానికి ఆ ఒత్తిడి చాలదు. పాడేరు పరిసరాల్లో కనిపించే నీలి ఖనిజం సాఫిరిన్ ఆనాటి వేడికి సాక్ష్యం. మన్యంలో అలెగ్జాండ్రైటు, పిల్లికన్ను రాళ్లు లభిస్తాయన్న మాట నిజమే గానీ, వాటిలో వజ్రానికి మూలమైన కర్బనమే ఉండదు. అనుమతి లేకుండా వాటిని తవ్వడం నేరం కూడా.