ఒక్కరే.. ఒక్కరోజు.. ధర్మపురి!

బొగ్గుబాయి ఊళ్లలో ఇంటి గడియారం ఇల్లాలి చేతిలో ఉండదు. షిఫ్టుల చేతిలో ఉంటుంది. అలాంటి ఇంట్లోంచి ఒక్క రోజును తనకోసం మిగుల్చుకుని, తోడెవరూ లేకుండా జాతర చూసి రావడం అయ్యే పనేనా? శ్రీరాంపూర్ ముందునుంచి పోయే రోడ్డు మాత్రం అయ్యే పనే అంటోంది!

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్. ఆర్కే-5, ఆర్కే-7, ఎస్సార్పీ-1.. ఇక్కడ గనుల పేర్లే సగం చిరునామాలు. ఇంటాయనకు మొదటి షిఫ్టు అయితే తెల్లారకముందే పొయ్యి వెలగాలి, క్యారియర్ కట్టాలి. రెండో షిఫ్టు అయితే ఆయన ఇల్లు చేరేదాకా నిద్ర ఉండదు. నైట్ షిఫ్టు అయితే మరీ ఇబ్బంది. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే పిల్లల అల్లరిని, టీవీ చప్పుడును, పక్కింటి పలకరింపును కూడా అదుపులో పెట్టాల్సింది ఆమే. పోనీ ఆదివారం తీరికా అంటే 'ప్లే డే' పడిందంటే ఆ రోజూ డ్యూటీనే. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది, దాంతోపాటే ఇల్లూ మారాలి.

మరి జాతరలకు వెళ్లరా? ఎందుకు వెళ్లరు! జీపు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ వెళ్తారు. అయితే అక్కడా ఆమెకు డ్యూటీనే. ముందురోజు రాత్రే పులిహోర కలపాలి, పిల్లల బట్టలు సర్దాలి, అత్తగారి మందులు మర్చిపోకూడదు. జనంలో చిన్నోడి చెయ్యి వదలకూడదు. తిరిగొచ్చాక 'జాతర ఎట్లుంది?' అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. చూస్తే కదా!

అందుకే ఒక్కరే వెళ్లాలన్న ఆలోచన. అది బయటపెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న మాత్రం అందరికీ తెలిసిందే.

'ఒక్కదానివే పోతవా?'

ఒకటే రోడ్డు

ధర్మపురి ఎక్కడో లేదు. చెన్నూరు వైపు నుంచి వచ్చి శ్రీరాంపూర్, నస్పూర్, మంచిర్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారే లక్సెట్టిపేట దాటి, రాయపట్నం దగ్గర గోదావరి మీద వంతెన ఎక్కి ధర్మపురి చేరుతుంది. అటూ ఇటుగా యాభై కిలోమీటర్లు. మంచిర్యాల బస్టాండులో జగిత్యాల వైపు వెళ్లే బస్సు అందుకుంటే చాలు. మధ్యలో ఆగినా, బస్సు కోసం కాస్త ఎదురుచూసినా రెండు గంటల ప్రయాణం అనుకోవచ్చు.

ఈ ప్రయాణాన్ని తేలిక చేసింది జీరో టికెట్. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న మొదలుపెట్టిన మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇక్కడ మిగిలేది చార్జీ డబ్బులొక్కటే కాదు. 'అంత ఖర్చు పెట్టుకుని ఎందుకు పోవుడు' అనే మాటకూ తావు లేకుండా పోయింది. ఇంట్లో ఆడవాళ్ల సరదాలన్నీ మొదట ఆగిపోయేది ఆ మాట దగ్గరే కదా!

మంచిర్యాల దాటాక ఎడమవైపు కిటికీ దగ్గర సీటు దొరికితే మంచిది. గోదారి అటువైపే. కింద ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద ప్రాజెక్టు కట్టాక ఇటువైపు పల్లెలు కొన్ని ముంపులో పోయాయి. ఒకప్పుడు ఈ నదే ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు హద్దు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాక అటు జగిత్యాల, ఇటు మంచిర్యాల అయ్యాయి. పేర్లు మారినా హద్దు మారలేదు. రాయపట్నం వంతెన మీద బస్సు ఎక్కగానే లోపలున్న చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. కొందరు దండం పెడతారు, కొందరు రూపాయి బిళ్లలు నీళ్లలోకి విసురుతారు.

ఫాల్గుణంలో పదమూడు రోజులు

ధర్మపురిలో ఏడాది పొడవునా భక్తులుంటారు. అసలు సందడి మాత్రం ఫాల్గుణ మాసంలో. శుద్ధ ఏకాదశితో మొదలయ్యే లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు పదమూడు రోజులు సాగుతాయి. క్యాలెండర్‌లో చూస్తే ఎక్కువగా మార్చి నెల. పిల్లల పరీక్షలు, కామునిపున్నమ, ఎండ మొదలు.. అన్నీ అప్పుడే.

గోదావరి ఇక్కడ దక్షిణానికి తిరిగి పారుతుంది. అందుకే ఈ స్నానానికి అంత పేరు. యోగ నరసింహుడు, ఉగ్ర నరసింహుడు ఇద్దరూ కొలువైన ఊరిది. వేంకటేశ్వరుడున్నాడు, రామలింగేశ్వరుడూ ఉన్నాడు. శివకేశవులు ఇరుగుపొరుగులా ఉన్నారు కనుక హరిహర క్షేత్రమంటారు. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఈ ఊరివాడే. బడిలో ఆ పద్యాలు వల్లెవేసిన వాళ్లకు ఇక్కడికొస్తే చిన్నప్పటి పంతులుగారు గుర్తొస్తారు.

నది ఒడ్డున సత్యవతి కథ ఒకటి చెబుతారు. పామును పెళ్లాడిన సత్యవతి, భర్తతో కలిసి క్షేత్రాలన్నీ తిరుగుతూ చివరికి ఇక్కడ మునిగితే అతడికి మనిషి రూపం వచ్చిందట. ఆమె చేసిందని చెప్పే ఇసుక స్తంభాన్ని గుడిలో చూపిస్తారు. కథలో కూడా కష్టపడి తిరిగింది ఆడమనిషే మరి!

ఉత్సవాల్లో ఎక్కువమంది ఎదురుచూసేది తెప్పోత్సవం కోసం. బ్రహ్మ పుష్కరిణి అని పిలిచే కోనేటిలో యోగ నరసింహుడికి, ఉగ్ర నరసింహుడికి, వేంకటేశ్వరుడికి వేర్వేరు రోజుల్లో తెప్ప తిరుగుతుంది, డోలోత్సవం జరుగుతుంది. కోనేటి మెట్లన్నీ మనుషులే. ఇక్కడే ఒంటరి ప్రయాణంలోని సుఖం తెలుస్తుంది. పదిమంది కలిసి వెళ్తే పదిమందికీ చోటు వెతకాలి. ఒక్కరికైతే ఏ మెట్టు మీదైనా జాగా దొరుకుతుంది. 'కొంచెం జరుగు బిడ్డా' అని పక్కన కూర్చునే ముసలమ్మ పది నిమిషాల్లో తన ఊరు, కోడలు, మోకాళ్ల నొప్పులు అన్నీ చెప్పేస్తుంది. జాతరలో ఒంటరిగా ఉండటం చాలా కష్టం!

తర్వాత బజారు. గాజులు, మిరపకాయ బజ్జీలు, పేలాలు, హోలీ రోజుల్లో పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు. ఎవరూ కొంగు పట్టి లాగరు. ఒక్కో దుకాణం ముందు ఎంతసేపు నిలబడినా, ఏమీ కొనకుండా కదిలినా అడిగేవాళ్లు లేరు.

యముడి గుడి ముందు

'ధర్మపురికి పోతే యమపురి ఉండదు' అన్నది ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా వినిపించే సామెత. దేశంలో అరుదుగా కనిపించే యమధర్మరాజు గుడి ఇక్కడుంది. పాపుల్ని శిక్షించీ శిక్షించీ మనశ్శాంతి కరవైన యముడు, నరసింహుడి దగ్గరికొచ్చి కుదుటపడ్డాడని కథ. గండదీపంలో నూనె పోస్తే గండాలు తొలగుతాయని నమ్మకం. యముడి జన్మ నక్షత్రమని నెలనెలా భరణి నాడు ప్రత్యేక పూజలు జరుగుతాయి. దీపావళి తర్వాత వచ్చే యమద్వితీయకూ జనం బాగా వస్తారు.

బొగ్గు ఊళ్లవాళ్లకు ఈ దీపం కథలో దీపం కాదు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఏరియాలోని ఎస్సార్పీ 3, 3ఏ గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. అలాంటి వార్త వచ్చిన రోజు కాలనీల్లో ఏ ఇంట్లోనూ అన్నం సహించదు. రక్షణ సూత్రాలు, పైకప్పు పరీక్షలు, యంత్రాలు.. అవన్నీ ఉండాల్సిందే, ఇంకా పెరగాల్సిందే. కానీ గనిలోకి దిగిన మనిషి పైకి వచ్చేదాకా ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు ఏ యంత్రమూ లేదు. వాళ్ల చేతిలో ఉన్నది కాసింత నూనె.

ఆ నూనె పోసేటప్పుడు పక్కన ఎవరూ లేకపోవడమూ ఒక మేలే. 'ఎందుకు ఏడుస్తున్నవ్' అని అడిగేవాళ్లుండరు. ఇంట్లో భయం బయటపెడితే పిల్లలు బెదురుతారు, డ్యూటీకి పోయే మనిషి మనసు పాడవుతుంది. అందుకే ఏళ్ల తరబడి గొంతులోనే ఉంచుకున్నది ఇక్కడ దించుకోవచ్చు. ఒక్కదానివే ఎందుకని అడిగేవాళ్లకు చెప్పని జవాబు బహుశా ఇదే.

బొగ్గు ఊరు.. బురద పండగ

ఒక్కరే తినడానికి, ఒక్కరే ఊళ్లు తిరగడానికి కొరియా వాళ్లు ప్రత్యేకంగా పేర్లే పెట్టుకున్నారు. ఒంటరి భోజనం 'హొన్‌బాప్', ఒంటరి ప్రయాణం 'హొన్‌హేంగ్'. దక్షిణ కొరియా పడమటి తీరంలో బొర్యాంగ్ అనే పట్నం ఉంది. రాజధాని సియోల్ నుంచి పొద్దున రైలెక్కితే పండగ చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. పండగంటే బురద పండగ! దెచాన్ సముద్ర తీరంలో ఏటా వేసవిలో జరిగే ఈ ఉత్సవం 1998లో మొదలైంది. అక్కడి బురదతో చేసే సౌందర్య సాధనాలకు ప్రచారం కోసం పెడితే, విదేశీయులు కూడా వచ్చి ఒళ్లంతా పూసుకునేంత పెద్దదైంది.

విశేషమేంటంటే బొర్యాంగ్ ఒకప్పుడు బొగ్గు గనుల ప్రాంతం. 1989 నుంచి ప్రభుత్వం గనుల్ని తగ్గిస్తూ రావడంతో అవి మూతపడ్డాయి. 1995లో అక్కడ బొగ్గు మ్యూజియం తెరిచారు. బొగ్గు అయిపోయాక కూడా మనుషులు రావడానికి ఒక కారణం వెతుక్కున్న ఊరన్నమాట. మన బొగ్గు ఊళ్లకు ఆ వెతుకులాట అక్కర్లేదు. కారణాలు గోదారి ఒడ్డునే ఉన్నాయి. ధర్మపురి ఒక్కటే కాదు, దండేపల్లి మండలంలో గూడెం గుట్ట సత్యనారాయణస్వామి, అటువైపు కాళేశ్వరం.. అన్నీ ఒక్కరోజులో చూసి రాగలిగేవే.

బయల్దేరే ముందు

* జీరో టికెట్‌కు ఆధార్ వంటి గుర్తింపు కార్డు అసలుది దగ్గర పెట్టుకోవాలి. ఫొటోకాపీ చాలదు.

* దిగగానే చేయాల్సిన మొదటి పని దర్శనం కాదు, తిరుగు బస్సు వేళలు కనుక్కోవడం. తెప్పోత్సవం చూడాలనుకుంటే చీకటి పడుతుంది. చివరి బస్సు ఎప్పుడో తెలిస్తే మెట్ల మీద నిశ్చింతగా కూర్చోవచ్చు.

* ఫాల్గుణంలో నది బక్కచిక్కి కనిపిస్తుంది. అది చూసి మోసపోవద్దు. గుంతలు పైకి తెలియవు. స్నానఘట్టం దగ్గరే, నలుగురూ ఉన్నచోటే మునగాలి.

* మెడలో బంగారం ఇంట్లోనే. చేతిలో చిన్న సంచి, మంచినీళ్ల సీసా, చార్జింగ్ నిండా ఉన్న ఫోను. ఇంట్లో ఒకరికి మాత్రం ఏ బస్సుకు పోతున్నదీ, ఏ బస్సుకు వస్తున్నదీ చెప్పి వెళ్లాలి.

* ఇంట్లోవాళ్ల షిఫ్టు చూసుకుని రోజు ఎంచుకోవాలి. ఒక్కపూట అన్నం వాళ్లే వండుకుంటే ఇంకా మంచిది. బాయి పని చేసేవాళ్లకు కుక్కర్ పెట్టడం పెద్ద పని కాదు!

2027లో గోదావరి పుష్కరాలు. 2003లో, 2015లో వచ్చినట్టే అప్పుడూ ధర్మపురి ఘాట్లలో కాలు పెట్టే సందు ఉండదు. అంతకంటే ముందే, కాస్త ఊపిరాడే రోజుల్లో ఒకసారి వెళ్లొస్తే దారి, రేవు, బస్సు వేళలు అలవాటవుతాయి.

తిరిగొచ్చిన మర్నాడు మళ్లీ క్యారియర్ కట్టాల్సిందే. కాకపోతే ఈసారి నల్లా దగ్గర చెప్పడానికి బోలెడు ఉంటుంది. 'ఒక్కదానివే పోతవా?' అని బుగ్గలు నొక్కుకున్నవాళ్లే చుట్టూ చేరి, కొంచెం గొంతు తగ్గించి అడుగుతారు..

'అవునక్కా.. ఎన్ని గంటల బస్సుకు పోయినవ్?'