గుండె నిజంగానే పగులుతుంది!

'ఆ కబురు వినగానే ఆవిడ గుండె పగిలింది'... పాత సినిమాల్లో, అమ్మమ్మల కబుర్లలో ఈ మాట వినని తెలుగువారుండరు. ఏదో మాటవరసకు అన్నదనుకుంటాం. వైద్యులు మాత్రం ఇప్పుడలా కొట్టిపారేయడం లేదు.

మొదట గుర్తించింది జపాన్‌వాళ్లు. 1990లో డాక్టర్ హికారు సాటో, ఆయన సహచరులు ఒక వింత సమస్య గురించి రాశారు. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఈసీజీలో తేడా... అన్నీ గుండెపోటు లక్షణాలే. తీరా యాంజియోగ్రామ్ చేస్తే రక్తనాళాల్లో పూడికే లేదు! గుండె ఎడమ జఠరిక కింది భాగం మాత్రం కదలిక లేకుండా బుడగలా ఉబ్బిపోయి ఉంది. సన్నటి మెడ, గుండ్రటి అడుగు... అచ్చం అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండలా. ఆ కుండ పేరు 'టకొత్సుబో'. జబ్బుకూ అదే పేరు ఖాయమైంది.

దుఃఖమో భయమో ఒక్కసారిగా ముంచుకొచ్చినప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు రక్తంలోకి ఉరుకుతాయి. ఆ ధాటికి గుండె కండరం కొంతసేపు చచ్చుబడినట్లయిపోతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2005లో ఇలాంటి 19 మంది వివరాలు ప్రచురించారు. వారిలో 18 మంది స్త్రీలే! అసలు గుండెపోటు వచ్చినవారితో పోలిస్తే వీరి రక్తంలో ఆ హార్మోన్లు రెండుమూడు రెట్లు ఎక్కువ. ఆప్తుల మరణవార్త విన్నవారు సరే, చెప్పాపెట్టకుండా బంధుమిత్రులిచ్చిన పార్టీతో ఉలిక్కిపడ్డవారూ ఉన్నారు ఆ జాబితాలో. ఆనందం కూడా గుండెను దెబ్బతీస్తుందన్నమాట! 2016లో వెలువడిన మరో అధ్యయనంలో, భావోద్వేగం వల్ల ఈ సమస్య వచ్చిన 485 మందిలో 20 మందికి కారణం సంతోషమే.

అలాగని అంతా మనసు మహిమే అనుకుంటే పొరపాటు. 2015లో 1,750 మందిని పరిశీలిస్తే భావోద్వేగాల కన్నా ఆపరేషన్, ఆయాసం, పక్షవాతం వంటి శారీరక కారణాలే ఎక్కువగా కనిపించాయి. ఏ కారణమూ దొరకనివారూ ఉన్నారు. పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలు, అదీ ఎక్కువగా నెలసరి ఆగిపోయినవారు. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల కావచ్చన్నది ఒక అంచనా.

చిక్కంతా ఇంట్లోనే. చావింట్లో పెద్దావిడ 'ఎదలో నొప్పి' అంటే 'ఏడ్చి ఏడ్చి అలా అయింది, కాసేపు పడుకో' అనేస్తారు. అది గుండెపోటో టకొత్సుబోనో ఆసుపత్రిలో తప్ప తేలదు. కాబట్టి వెంటనే తీసుకెళ్లాల్సిందే. చాలామందిలో కొద్దివారాల్లోనే గుండె మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. కొందరు మాత్రం తొలిరోజుల్లోనే ప్రాణం పోగొట్టుకుంటారు.

ఈ దారి రెండువైపులా ఉంది. గుండెపోటు నుంచి బయటపడ్డవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు డిప్రెషన్‌లోకి జారుకుంటారు. మందులు మానేస్తారు, నడక మానేస్తారు, గుండె మళ్లీ మొరాయిస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో డిప్రెషన్‌నూ ముప్పుల జాబితాలో చేర్చాలని సూచించింది అందుకే. బీపీ, షుగరు చెప్పినట్లే నిద్ర పట్టడం లేదనీ, దేనిమీదా మనసు పోవడం లేదనీ కూడా డాక్టరుకు చెప్పాలి, ఆయన అడగకపోయినా సరే.