గది దొరికితే సరిపోదు, కాగితం కావాలి

వడ్లమూడిలో ఇల్లు మారితే పాలవాడికీ గ్యాస్ ఏజెన్సీకీ చెబుతాం. ఆధార్‌లో పాత చిరునామా ఏళ్ల తరబడి ఉండిపోయినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ విజ్ఞాన్‌లో బీటెక్ చదివి, ఎమ్మెస్‌కని జర్మనీ వెళ్లే పిల్లలకు మొదట ఎదురయ్యే తేడా ఇదే.

జర్మనీలో కొత్త ఇంట్లో దిగిన 2 వారాల్లోగా మునిసిపల్ కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ‘ఆన్‌మెల్డుంగ్’ అంటారు. 2015 నవంబరు 1న అమల్లోకి వచ్చిన చట్టమిది; ఆ దేశస్థులకైనా మనకైనా ఒకటే. ఎగ్గొడితే జరిమానా 1,000 యూరోల దాకా ఉంటుంది. ఆస్ట్రియాలో గడువు 3 రోజులే. స్విట్జర్లాండ్‌లో 14 రోజులు, అదీ ఉద్యోగంలో చేరేలోపు. మన దేశంలోనూ ఇలాంటిది ఉంది, కాకపోతే మనకు కాదు: 180 రోజులు దాటిన వీసాపై వచ్చే విదేశీ విద్యార్థి 14 రోజుల్లో నమోదు చేయించుకోవాలి.

అసలు చిక్కు గడువుతో కాదు, ఇంటి యజమానితో. ఫలానా తేదీన ఫలానావాళ్లు నా ఇంట్లో దిగారని ఆయన సంతకం చేసి ఇవ్వాలి. అద్దె ఒప్పందం చూపిస్తే కుదరదు. ఈ కాగితం ఇవ్వనంటూ గది కాస్త తక్కువకు ఇస్తామనేవాళ్లు ఉంటారు. ఆ బేరం నష్టమే. నమోదు లేకపోతే 11 అంకెల పన్ను నంబరు పోస్టులో రాదు. అది లేకుండా పార్ట్‌టైమ్ పనిలో చేరితే జీతంలో పన్ను ఎక్కువ రేటున కోస్తారు. నివాస అనుమతి పొడిగించుకోవడానికీ ఆ నమోదే ఆధారం. పోనీ, ఉండని ఇంటి చిరునామాకు ఎవరితోనో దొంగ కాగితం రాయించుకుందామా అంటే, దానికి జరిమానా 50,000 యూరోల వరకూ వేయొచ్చు.

ఇంకో చిన్న విషయం. అక్కడ అపార్ట్‌మెంట్లకు సాధారణంగా ఫ్లాట్ నంబర్లుండవు. పోస్టుపెట్టె మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. పాస్‌పోర్టులో మన ఇంటిపేరు ఎంత పొడుగున్నా దాన్నే పెట్టెపై అతికించాలి. ముద్దుపేరు రాసుకుంటే పన్ను నంబరు ఉత్తరం వచ్చినదారినే వెనక్కిపోతుంది.

నమోదయ్యాక మరో ఉత్తరం కూడా వస్తుంది: రేడియో, టీవీ రుసుము. ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ లేకున్నా సరే. గదులు పంచుకునేవాళ్లు ఒక్కరి పేరున కట్టి మిగతావాళ్లు పంచుకోవచ్చు.

కాబట్టి డబ్బు పంపే ముందే “నమోదు కాగితం ఇస్తారా?” అని అడగండి. అడ్వాన్సు చట్టప్రకారం 3 నెలల మూల అద్దెకు మించకూడదు. చదువు ముగించి దేశం వదిలేటప్పుడు, ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, చేసిన 2 వారాల్లోపు, పేరు తీయించుకోవడం మరవకండి.