పైగా సమాధులకు వారసులెవరు?

బషీర్‌బాగ్, బేగంపేట, ఆస్మాన్‌గఢ్, వికారాబాద్... ఈ పేర్లన్నీ పైగా అనే ఒకే కుటుంబం ఇచ్చినవి. ఆ కుటుంబం శాశ్వత నిద్రలో ఉన్న చోటు మాత్రం హైదరాబాదీల్లో చాలామందికి తెలియదు.

ఆబిడ్స్‌లో ఆబిద్ దుకాణం లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసి, అక్కడ అంగడి పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ పేరు మాత్రం రోజూ లక్షల నోళ్లలో నలుగుతోంది. కాస్త ముందుకెళితే బషీర్‌బాగ్‌దీ అదే కథ. పైగా నవాబు సర్ ఆస్మాన్ జా మహలు ఉండేదక్కడ. బషీరుద్దౌలా అన్నది ఆయన బిరుదు. మహలుకూ పేటకూ అదే పేరయింది. మహలు ఏనాడో నేలమట్టమైంది, పేరు మిగిలింది.

ఆ మహలు పోయినా ఆ కుటుంబం సమాధులు పోలేదు. చార్మినార్‌కు ఆగ్నేయంగా నాలుగు కిలోమీటర్ల దూరంలో, సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండలో ఉన్నాయి. చుట్టూ ఇళ్లు, ఇరుకు గల్లీలు. ఆ గల్లీ దాటి లోపలికి అడుగుపెడితే తెల్లటి గచ్చు పనితనం కళ్లు తిప్పుకోనివ్వదు.

నిజాం తర్వాత వాళ్లే

రెండో నిజాం కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో పైగాల వైభవం మొదలైంది. నిజాం సొంత రక్షణ సైన్యాన్ని పోషించే బాధ్యత వాళ్లది. అందుకు ప్రతిఫలంగా పెద్ద పెద్ద జాగీర్లు దక్కాయి. నిజాం కుమార్తెలను పెళ్లాడే గౌరవమూ దక్కింది. అలా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన బషీరున్నిసా బేగం పేరు మీదుగానే బేగంపేట వెలిసింది.

కత్తితో పాటు కలాన్నీ పట్టిన వంశమిది. తేగ్ జంగ్ కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్ గణితం, విజ్ఞాన శాస్త్రాలంటే ప్రాణం పెట్టినవాడు. 19వ శతాబ్ది తొలి సగంలోనే పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి, సొంత ముద్రణాలయంలో అచ్చువేయించాడు. తర్వాతి తరాల్లో ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా పేర్లతో జాగీర్లు మూడుగా విడిపోయాయి. ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ఇద్దరూ రాజ్యానికి దివాన్లుగా చేశారు. ఫలక్‌నుమా మహలు కట్టించింది వికారుల్ ఉమ్రాయే. 1897లో అది నిజాం చేతికి వెళ్లింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఆ దర్జాకు ఆధారమే లేకుండా పోయింది.

సున్నంతో అల్లిన తెరలు

తేగ్ జంగ్‌ను 18వ శతాబ్ది చివర్లో ఇక్కడ ఖననం చేశారు. ఆ తర్వాత తరాలవాళ్లు ఆయన చుట్టూ చేరారు. కట్టడాల్లో ఎక్కువ భాగానికి ఇప్పటి రూపు 19వ శతాబ్దంలో వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల్లా ఆకాశాన్నంటే గుమ్మటాలు ఇక్కడ ఉండవు. ఎత్తు తక్కువ, నగిషీ ఎక్కువ.

ఒక్క జాలీ (చిల్లుల తెర) ముందు ఆగి చూడండి. నక్షత్రంలోంచి షడ్భుజి, షడ్భుజిలోంచి మరో నక్షత్రం పుడుతూ, గీత ఎక్కడ మొదలైందో తెలియనివ్వదు. పక్క జాలీకి వెళ్తే లెక్క మారిపోతుంది. ఎండ తిరిగేకొద్దీ ఆ నమూనా నేలమీదికీ పాలరాతి సమాధుల మీదికీ జరుగుతుంది. కమానుల అంచుల్లో లతలు, పూలు. మొఘల్, దక్కనీ, రాజస్థానీ పోకడలు ఒకే గోడ మీద కలిసిపోయాయి.

సిమెంటుతో కాదు

ఈ పనితనానికి వానకన్నా తొందరపాటు మరమ్మతుతోనే ముప్పు ఎక్కువ. సున్నపు గోడ గాలి పీల్చుకుంటుంది. వానాకాలంలో లోపలికి చేరిన తేమను ఎండల్లో బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే చిక్కి, లవణాలు పేరుకుని, పాత గచ్చు పెచ్చులుగా ఊడిపడుతుంది. పూత మీద పూతగా వెల్ల వేసినా నష్టమే. సన్నటి చెక్కడాల గీతలు పూడుకుపోతాయి.

అందుకే ఇక్కడ పని చేయాల్సింది డంగు సున్నంతోనే. రాతి సున్నాన్ని చల్లార్చి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పద్ధతి మన పాత మేస్త్రీలకు తెలిసిందే. దాన్ని పొరలు పొరలుగా వేసి, ఆరేదాకా తడుపుతూ కాచుకోవాలి. ఊడిన పూరేకును పక్కనున్న పూవును చూసి చేత్తో దిద్దాలి. ఇది ఓపికా ఖర్చూ రెండూ కావాల్సిన పని.

రాష్ట్ర వారసత్వ శాఖ రక్షణలో ఉన్న ఈ ఆవరణలో ఆరు సమాధుల పునరుద్ధరణకు అమెరికా ప్రభుత్వం 2,50,000 డాలర్ల సాయం ప్రకటించింది. 2023 జనవరిలో ఆ ప్రకటన వచ్చింది. పని ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్‌ది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఏళ్ల తరబడి సున్నం పనిలో చెయ్యి తిరిగిన సంస్థ అది. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ 2008 నుంచి 2023 దాకా నడిచింది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లోనే. ఆ వంశం ఇంట్లో ఉన్నవాళ్లు ఆ వంశం సమాధులకు చేయూతనివ్వడం సబబుగా ఉంది.

నాంపల్లి నేర్పే పాఠం

డబ్బుతో పగుళ్లు పూడతాయి. ఆ తర్వాత? సమాధానం నాంపల్లిలో ఉంది. రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో యూసుఫైన్ దర్గా. 1687లో గోల్కొండ ముట్టడికి వచ్చిన ఔరంగజేబు సైన్యంలో ఉన్న ఇద్దరు సూఫీల సమాధులు అక్కడ ఉన్నాయి. గాలివానలో గుడారాలన్నీ కూలినా వాళ్ల గుడారంలో దీపం ఆరలేదని భక్తుల నమ్మకం. 1900లో కన్నుమూసిన అమీర్ మీనాయి, 1905లో పోయిన దాగ్ దెహ్లవీ వంటి ఉర్దూ కవులూ అక్కడే విశ్రమించారు. మతం చూసుకోకుండా జనం చాదర్లు, గులాబీలు పట్టుకొస్తారు. రోజూ వచ్చే ఆ జనమే దర్గాకు బలం.

పైగా సమాధులకు ఆ భక్తజనం లేరు. వంశం దేశదేశాలకు చెదిరింది. అలాంటి చోటికి ఊరే వారసుడు కావాలి. గోడ బాగుచేశాక ఏటేటా వానలకు ముందు చూసుకునే మేస్త్రీలకు ప్రభుత్వం నిత్య ఉపాధి చూపాలి. ఆవరణ హద్దులు తేల్చి, కొత్త ఆక్రమణ పడకుండా కాపాడాలి. నగరంలోని బడిపిల్లలకు చార్మినార్‌తో పాటు దీన్నీ చూపించాలి. ఒక్కో తరగతి అక్కడ ఒక్కో జాలీ బొమ్మ గీసుకొస్తే, ఆ పిల్లలే రేపు దాని కోసం మాట్లాడతారు.

బషీర్‌బాగ్ మహలును పోగొట్టుకున్న నగరం మనది. ఆ పేరు రోజూ పలుకుతున్నాం కాబట్టి, ఆ పేరిచ్చిన కుటుంబం సమాధుల బాధ్యత కూడా మనదే.