పాత ట్రాక్టరు కొంటున్నారా? రెండో ధర కూడా లెక్క వేసుకోండి

రేపల్లె దగ్గర ఓ రైతు. సొంతం ఎకరంన్నర, కౌలుకు మూడెకరాలు. 2025 వేసవిలో బ్రోకరు ద్వారా పాత ట్రాక్టరు కొన్నాడు. చెప్పిన ధర 2 లక్షల 10 వేలు. బేరమాడితే లక్షా 80 వేలకు దిగింది. బండి చూస్తే కొత్త రంగు, నల్లగా నిగనిగలాడే టైర్లు. ఇంటికి తోలుకొచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఊళ్ళో అందరూ మంచి బేరమే అన్నారు.

కాలువకు నీళ్ళొచ్చాయి. దమ్ము మొదలుపెట్టిన మూడోరోజు బండి వెనకభాగంలో కటకటమని చప్పుడు. షెడ్డుకు తీసుకెళ్ళి విప్పిస్తే గేరు ఆయిలు పాలు కలిపిన కాఫీలాగా ఉంది. అడుగున చారెడు ఒండ్రు. "ఇది ఎక్కడో వరదలో మునిగిన బండి బాబాయ్" అన్నాడు మెకానిక్. బాగుచేయడానికి 70 వేలు, 11 రోజులు. ఈలోగా నారు ముదిరిపోతుంటే, సొంత ట్రాక్టరు షెడ్డులో పెట్టుకుని పక్కవాళ్ళ ట్రాక్టరు కిరాయికి మాట్లాడుకుని నాట్లు వేశాడు. "నా పేరు రాయొద్దండీ, నవ్వుతారు. కానీ సంగతి మాత్రం రాయండి" అన్నాడు. అందుకే ఈ వ్యాసం.

మడుగులో ఉన్న గేదెకు గట్టున బేరమాడినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. పాత బండికి రెండు ధరలుంటాయి. మొదటిది అమ్మేవాడు చెప్పేది. రెండోది కొన్న తర్వాత షెడ్డులో, రవాణా ఆఫీసులో, పొలంలో మీరు కట్టేది. ఆ రెండూ కలిపితే వచ్చేదే అసలు ధర.

ముందు కాగితం మీద లెక్క

ట్రాక్టరు చూడటానికి వెళ్ళేముందే మీకు అది అవసరమా కాదా తేల్చుకోండి. డెల్టాలో మన సేద్యం తీరు చూడండి. దమ్ము పని జూలై, ఆగస్టుల్లో కొద్ది రోజులే. వరి కోతకు ముందే చేలో మినుము చల్లేస్తాం, దానికి దుక్కి లేదు. తెనాలి వైపు వరి తర్వాత మొక్కజొన్న, జొన్న కూడా చాలామంది దున్నకుండానే వేస్తున్నారు. అంటే సొంత పొలంలో ట్రాక్టరుకు ఉండే పని తక్కువ, చావిట్లో నిలబడే రోజులు ఎక్కువ.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. బండి ధర 2 లక్షలు. టైర్లు, బ్యాటరీ, ఇంజను పనికి 80 వేలు. బదిలీ, బీమా, ఇతర ఖర్చులు 20 వేలు. మొత్తం 3 లక్షలు. రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు.

ఇప్పుడు రాబడి. నాలుగున్నర ఎకరాలకు ఎకరానికి 6 వేల చొప్పున కిరాయి కడుతున్నారనుకుంటే 27 వేలు. సొంత బండి ఉంటే అదంతా మిగలదు, డీజిలు మీరే పోయాలి. 17 వేలు మిగిలిందనుకుందాం. వడ్డీకి ఇంకా 55 వేలు కావాలి. బయట కిరాయికి తోలితే డీజిలు, డ్రైవరు పోను గంటకు 500 మిగిలితే 110 గంటలు తోలాలి. దమ్ము సీజను 20 రోజులు, రోజుకు 6 గంటలు అనుకుంటే 120 గంటలు. రెండు రోజులు బండి షెడ్డులో పడితే 108 గంటలే. అంటే వడ్డీ కూడా రాదు. అసలు తీరే మాట ఇందులో లేనే లేదు.

ఈ లెక్కలో మీకు మిగులు కనపడకపోతే, బండి ఎంత చవగ్గా వచ్చినా మీకు ఖరీదే.

నీళ్ళు తాగిన బండి

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వదిలారు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల్లో లంక గ్రామాలు మునిగాయి. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది వాహనాలు నీళ్ళలో నానాయి. అంతకుముందు 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మునిగిన బండ్లన్నీ పాత ఇనుముకు పోవు. బీమా కంపెనీ పూర్తి నష్టం కింద లెక్కగట్టిన బండ్లు కూడా వేలంలో చేతులు మారి, రంగు వేసుకుని మళ్ళీ అమ్మకానికి వస్తుంటాయి. ట్రాక్టరైనా, కారైనా, ట్రాలీ ఆటో అయినా ఇదే తంతు.

రంగు చూసి మోసపోకండి. హెడ్‌లైటు అద్దం లోపల, మీటరు అద్దం లోపల ఆవిరి పట్టిందా, మట్టి గీత ఉందా చూడండి. వైరు చివర రాగి పచ్చబడిందేమో చూడండి. సెల్ఫు మోటారు, డైనమో సందుల్లో ఎండిన ఒండ్రు వెతకండి. గేరు ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు కొంచెం బయటకు తీయించండి. తెల్లగా చిక్కబడి ఉంటే నీళ్ళు కలిసినట్టే. అయితే వరదే కారణం కానక్కరలేదు. ఏళ్ళ తరబడి దమ్ములో తిరిగి సీళ్ళు అరిగిన బండిలోకీ నీళ్ళు దిగుతాయి. కారణం ఏదైనా ఖర్చు మీదే.

నిజాంపట్నం, రేపల్లె తీరం వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసిన బండి అయితే కిందకు దూరి చూడండి. ఉప్పునీటికి బోల్టులు, రేకులు తినేసి ఉంటాయి. ట్రక్కు అడుగు రేకును సుత్తితో తట్టి చూడండి.

పొద్దున్నే వెళ్ళండి

బండి చూడటానికి తెల్లవారి వెళ్ళండి. మీరు వచ్చేదాకా స్టార్టు చేయొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజను స్టార్టు కాదన్న సంగతి దాస్తున్నారేమో అనుమానించాలి.

మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. బ్రోకరు పిలిచిన మెకానిక్ మీ మెకానిక్ కాడు. అతనికిచ్చే కూలి దండగ అనుకోకండి. బండి చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయిస్తే నీళ్ళ మీద నూనె తెట్టు కనపడకూడదు. వేడి మీద మాత్రం మూత తీయొద్దు, ముఖం కాలుతుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే పొగ బుసబుసా తన్నుకొస్తుంటే రింగులు, లైనర్లు అరిగాయని అర్థం. సైలెన్సరులో ఆగకుండా నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. నల్లపొగ ఎక్కువైతే డీజిలు పంపు, నాజిళ్ళు చూపించాలి.

ఇంజను ఒక్కటే చూసి రావద్దు. గొర్రు తగిలించి లిఫ్టు ఎత్తించండి. ఎత్తిన గొర్రు కిందికీ పైకీ ఊగుతుంటే హైడ్రాలిక్ పని ఉంది. ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా పట్టి చూడండి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి ఊపితే కింగ్‌పిన్ను, బుష్షుల వదులు తెలుస్తుంది. టైరుకు నల్లరంగు పూస్తే కొత్తదైపోదు, వేలు పెట్టి పగుళ్ళు చూడండి. గంటల మీటరును నమ్మకండి. అది తిప్పినదో, తీసేసినదో మీకు తెలియదు. క్లచ్చి పెడలు, కాలు పెట్టే చోటు ఎంత అరిగాయో అవే నిజం చెబుతాయి. ఆఖరున అరగంటయినా పొలంలో దున్నించి చూడండి. రోడ్డు మీద ఏ బండి అయినా పరుగెత్తుతుంది.

విడిభాగాలు తెనాలిలోనో బాపట్లలోనో దొరికే బండే కొనండి. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. బండి మంచిదే కావచ్చు, కానీ సీజనులో ఒక సామాను కోసం నాలుగు ఊళ్ళు తిరగాల్సి వస్తే నష్టపోయేది మీరు.

సీ బుక్కు ఎవరి పేరున ఉంది?

ఇంజను చెడితే డబ్బు పోతుంది. కాగితం చెడితే బండే పోతుంది. సీ బుక్కులో పేరు, అమ్మేవాడి పేరు ఒకటేనా చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చదివి కాగితంతో పోల్చండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను, బీమా గడువులు తెలుస్తాయి. మీకు ఫోను అలవాటు లేకపోతే పిల్లల చేత చూపించండి. ఏపీ 07 నంబరుతో గుంటూరు జిల్లా అడ్రసు ఉంటే కంగారు పడక్కరలేదు. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న, అంతకుముందు బాపట్ల, రేపల్లె గుంటూరు జిల్లావే.

బండి మీద ఫైనాన్సు ఉంటే సీ బుక్కులో రాసి ఉంటుంది. "అప్పు తీరిపోయింది, కాగితం తర్వాత ఇస్తా" అంటే వినొద్దు. అప్పిచ్చిన సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ ఫారం 28 కూడా కావాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరున మార్చాకే కొనండి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషను ఉంటుంది, అదీ అడగండి.

సొంత వాడకం ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. తర్వాత ఐదేళ్ళకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. గడువు దగ్గరపడిన బండి చవగ్గా వస్తోందంటే అందుకేనేమో ఆలోచించండి.

అమ్మే రైతుకూ ఓ మాట. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకరు చేతిలో పెట్టకండి. అమ్మిన 14 రోజుల్లో మీరు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా శాఖకు తెలపాలని చట్టం. బండి అమ్మేసినా రికార్డులో మీ పేరే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత మీదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక కేసులో తీర్పు చెప్పింది. ఎప్పుడో అమ్మిన బండికి ఇప్పుడు నోటీసు రావచ్చు.

బీమా లేని బండి ఇంటిల్లిపాదికీ ముప్పు

థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. బండితో పాటు బీమా వస్తుంది, కానీ 14 రోజుల్లో మీ పేరున మార్పించుకోవాలి. వ్యవసాయానికని తీసిన పాలసీతో ఇసుక, ఇటుక కిరాయికి తోలితే ప్రమాదం వేళ బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

ముఖ్యంగా కూలీలను ట్రక్కులో ఎక్కించుకోవడం. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళలు చనిపోయారు. ట్రాక్టరు మనుషులను చేరవేసే బండి కాదు. బ్రేకులు సరిగా పట్టని పాత బండిని కాలువ కట్ట మీద మనుషులతో నడపడమంటే, ఆ నష్టానికి ధర కట్టలేం.

మరి కొనకూడదా?

కొనొచ్చు. మీ ఊళ్ళోనే, మీ కళ్ళముందు ఒకే చేతిలో తిరిగిన బండి, కాగితాలు శుభ్రంగా ఉన్న బండి దొరికితే కొత్తదాని కన్నా నయం కావచ్చు. అన్నదమ్ములో, పక్కపక్క పొలాల వాళ్ళో ముగ్గురు కలిస్తే భారం తగ్గుతుంది. అయితే ఎవరి వంతు ఎప్పుడో, రిపేరు ఎవరు పెట్టుకోవాలో ముందే కాగితం మీద రాసుకోండి.

కొత్తదాని ధర కూడా కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను వేయకముందు 6 లక్షల బండికి ఇది 42 వేల తేడా. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గాలి. పాత రేటు చెప్పేవారితో ఈ మాట అనండి. అసలు కొనకుండా గడిచే దారీ ఉంది. 2022 జూన్ 7న గుంటూరులో రైతు గ్రూపులకు ట్రాక్టర్లు, కోత యంత్రాలు పంపిణీ చేశారు. మీ దగ్గర్లో ఏ గ్రూపు దగ్గర ఏ యంత్రం ఉందో, కిరాయి ఎంతో రైతు సేవా కేంద్రంలో అడగండి.

కొనడానికే నిర్ణయించుకుంటే బయానా కొద్దిగా ఇచ్చి రసీదు తీసుకోండి. మిగతాది బ్యాంకు ద్వారా, కాగితాలు చేతికొచ్చాకే ఇవ్వండి. దమ్ము ముందు వారం తొందరలో కొనొద్దు. ఆ వారం ధరా ఎక్కువే, తప్పు బయటపడితే బాగుచేయించుకునే వ్యవధీ ఉండదు. అపరాలు ఇంటికొచ్చాక, వేసవిలో నింపాదిగా చూడండి.

రేపల్లె రైతును ఆఖరున అడిగాం, మళ్ళీ కొనాల్సి వస్తే ఏం చేస్తారని. "ముందు గేరు ఆయిలు తీయిస్తానండీ. తర్వాతే ధర అడుగుతా" అన్నాడు. 70 వేలు పోసి నేర్చుకున్న ఆ మాట మీకు ఉచితంగా అందింది, వాడుకోండి.