బాంబడిల్ ఏడీ?

ఇష్టమైన పుస్తకం సినిమాగా వస్తోందంటే అభిమానికి పండగే. కానీ, లోపలెక్కడో చిన్న బెంగ... మనం ఊహించుకున్న లోకం ఏమైపోతుందో అని!

2001 డిసెంబరు 19న 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' తొలిభాగం 'ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్' విడుదలైనప్పుడు టోల్కీన్ అభిమానుల పరిస్థితి అదే. 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చిన నవల అది. దాదాపు యాభై ఏళ్లుగా ఒక్కో పాఠకుడూ తన మనసులో తనదైన హాబిటన్‌ని కట్టుకున్నాడు. దర్శకుడు పీటర్ జాక్సన్ ఊరు దాన్ని చెరిపేస్తే?

తెరమీద గుండ్రటి తలుపుల ఇళ్లు కనిపించగానే సగం భయం తీరిపోయింది. న్యూజిలాండ్‌లోని మాటామాటా దగ్గర ఓ గొర్రెల పొలంలో వేసిన సెట్ అది. చిత్రీకరణకు ఏడాది ముందే అక్కడ మొక్కలు నాటారు. అందుకే నిన్నమొన్న కట్టినట్టు కాకుండా, తరతరాలుగా మనుషులు కాపురముంటున్న ఊరిలా కనిపించింది. పైగా రూపకల్పన చేసిన అలన్ లీ, జాన్ హోవ్ టోల్కీన్ రచనలకు ఎప్పట్నుంచో బొమ్మలు వేస్తున్నవాళ్లే.

ఆ తర్వాతే మొదలైంది లెక్కలు తీయడం! పాటలు పాడుతూ అడవిలో తిరిగే టామ్ బాంబడిల్ ఏడీ? బిల్బో పుట్టినరోజు విందుకీ, ఫ్రోడో ప్రయాణానికీ మధ్య పుస్తకంలో ఉన్న 17 ఏళ్లు ఏమయ్యాయి? గాయపడిన ఫ్రోడో కోసం గ్లోర్ఫిండెల్ రావాలి కదా, ఆర్వెన్ వచ్చిందేంటి? పక్కసీట్లో పుస్తకం చదవనివాళ్లు కళ్లప్పగించి చూస్తుంటే, అభిమాని మాత్రం మనసులో పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.

ఆ లెక్కలన్నీ మరిపించింది బోరోమిర్ మరణం. పుస్తకంలో అది రెండో సంపుటం మొదట్లో వస్తుంది. అరగార్న్ వచ్చేసరికే పోరాటం ముగిసిపోయి ఉంటుంది. సినిమా ఆ పోరాటాన్ని కళ్లముందుంచింది. ఉంగరం కోసం ఆశపడిన మనిషి, ఒంటినిండా బాణాలతో హాబిట్ల కోసం నిలబడితే... తెలిసిన కథే అయినా కళ్లు చెమర్చాయి.

ఆ సినిమాకు 13 ఆస్కార్ నామినేషన్లు, 4 అవార్డులు వచ్చాయి. అయినా అందరికీ నచ్చలేదు. ఈ సినిమాలు తండ్రి రచనను పోరాటాల కథగా మార్చేశాయని 2012లో టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ బాధపడ్డారు.

ఆ బాధ ఇంటికొచ్చి పుస్తకం తెరిచిన అభిమానికి కొంతైనా అర్థమవుతుంది. ప్రయాణం మొదలుపెట్టేనాటికి పుస్తకంలో ఫ్రోడో వయసు 50. కానీ ఇక ఏ పేజీలో చూసినా ఎలిజా వుడ్ కుర్రముఖమే! పాత ఫ్రోడోని పిలిచినా రాడు.

ఒక్క బాంబడిల్ మాత్రం ఎప్పట్లాగే పలకరిస్తాడు, పాఠకుడు ఊహించుకున్న ముఖంతోనే. సినిమా వదిలేసినందుకు కోప్పడాలో, సంతోషించాలో మరి!