తల్లి వయసు కూడా చూడాలి: కౌమార తల్లులకు బొమ్మల పుస్తకాల ఎంపిక

ఖరగ్‌పూర్: పసిబిడ్డకు బొమ్మల పుస్తకం కొనబోయేవారిని దుకాణదారు ముందుగా అడిగేది బిడ్డ వయసు. పుస్తకం అట్ట వెనుక ముద్రించేదీ అదే. ఆ పుస్తకాన్ని చేత పట్టుకుని, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పవలసిన తల్లి వయసు మాత్రం ఎవరూ అడగరు. ఆమెకు పదిహేడో పద్దెనిమిదో ఏళ్లయితే, బడి మానేసి రెండేళ్లు కూడా కాకపోతే, ఇంట్లో మాట్లాడే భాష ఒకటీ బడిలో నేర్చిన లిపి మరొకటీ అయితే ఆ ప్రశ్న తప్పనిసరి అవుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాల మధ్య ఈ మూడు పరిస్థితులూ ఒకే ఇంట్లో ఎదురుకావడం వింత కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం పశ్చిమ బెంగాల్‌లో 15–19 ఏళ్ల యువతుల్లో 16.4 శాతం మంది సర్వే నాటికే తల్లులు లేదా గర్భవతులు. దేశ సగటు 6.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 12.6, తెలంగాణలో 5.8 శాతం. 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదేళ్లు నిండకముందే వివాహమైనవారు బెంగాల్‌లో 41.6 శాతం కాగా, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో సగానికి మించి ఉన్నారు. ఆడపిల్లలను బడిలో నిలిపి ఉంచేందుకు 2013లో ప్రారంభమైన ‘కన్యాశ్రీ’ పథకం 2017లో ఐక్యరాజ్యసమితి పురస్కారం అందుకున్న రాష్ట్రమిది. ఇవి జిల్లాలోని అన్ని భాషలవారికీ కలిపిన లెక్కలు. మన దేశంలో భర్త సాధారణంగా భార్యకంటే కొన్నేళ్లు పెద్దవాడు కనుక, ‘కౌమార తల్లిదండ్రులు’ అన్న మాటకు ఇక్కడ ఆచరణలో కౌమార తల్లి అనే అర్థం.

బాల్యవివాహం చట్టవిరుద్ధం, దానిని ఆపవలసిందే. అయితే ఇప్పటికే బిడ్డను ఎత్తుకుని ఉన్న అమ్మాయికి ఆ చట్టం గురించి చెప్పడం వల్ల ఆ బిడ్డకు మాటలు రావు. మూడేళ్ల లోపు బిడ్డకు పోషణతో పాటు మాటా, ఆటా అవసరమని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2024లో ‘నవచేతన’ పేరుతో విడుదల చేసిన మార్గదర్శక చట్రం కూడా గుర్తించింది. ఆ మాటలకు సులువైన సందర్భం కల్పించే వస్తువు బొమ్మల పుస్తకం.

ఖరగ్‌పూర్ తెలుగువారిది రైలు వెంట వచ్చిన వలస. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను నెలకొల్పింది. తరువాత పెద్ద వర్క్‌షాపు వెలిసింది. పనులకోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు రైల్వే క్వార్టర్లలోనూ నింపురా, మథురాకాటి వంటి పేటల్లోనూ తరాలుగా స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించడం వెనుక ప్రధానంగా ఉన్నది ఈ పట్టణమే. హోదా వచ్చినంత మాత్రాన లిపి రాదు. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో వీటిలో ఒకటి లేదా ఇంగ్లీషు. ఫలితంగా తెలుగు ధారాళంగా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని తరం తయారైంది. అటువంటి యువతి నిరక్షరాస్యురాలు కాదు. కానీ తెలుగు పుస్తకం చేతిలో పెట్టిన క్షణాన, అత్తగారి ఎదుట, ఆమెను మనమే నిరక్షరాస్యురాలిగా నిలబెడుతున్నాం. ఆ పుస్తకం మరునాడు అటక మీదికి చేరుతుంది.

అందువల్ల ఆమెకు ఇచ్చే తొలి పుస్తకం మాటల్లేనిదై ఉండాలి. కేవలం బొమ్మలతోనే కథ నడిపించే పుస్తకాలు మన దేశంలోనూ వెలువడుతున్నాయి. వాటిలో తప్పుగా చదవడమనేది ఉండదు. తల్లి తన యాసలో, తన వేగంతో కథను అల్లుకుంటుంది; ఇవాళ చెప్పిన కథ రేపు మారినా అడిగేవారు లేరు. అమెరికా మనోవిజ్ఞానవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. రెండేళ్ల ప్రాయపు పిల్లల తల్లిదండ్రుల్లో ఒక బృందానికి బొమ్మ చూపి ప్రశ్నలడగడం, బిడ్డ చెప్పిన మాటకు మరో మాట జోడించడం నేర్పారు. రెండో బృందం తన పద్ధతిలో తాను చదువుతూ పోయింది. ఇరు బృందాలూ చదివిన సార్లు దాదాపు సమానమే అయినా, నెల రోజుల తర్వాత మొదటి బృందపు పిల్లలు భాషలో ముందున్నారు. అచ్చులో ఉన్న వాక్యాన్ని తప్పు లేకుండా చదవడం కంటే బొమ్మ చుట్టూ సాగే సంభాషణే బిడ్డకు మేలు చేసిందన్నమాట. బడి మానేసిన అమ్మాయికి ఇది తెలియజెప్పడం అవసరం. ‘నాకు చదవడం రాదు’ అన్న సంకోచం సగం దీనితోనే తొలగుతుంది.

రెండో దశలో రెండు భాషల పుస్తకాలు ఉపయోగపడతాయి. చెన్నైకి చెందిన తూలిక ప్రచురణ సంస్థ ఇంగ్లీషుతో పాటు తెలుగు, బెంగాలీ సహా ఎనిమిది భారతీయ భాషల్లో పిల్లల పుస్తకాలు తెస్తోంది. వాటిలో ఒకే పుటపై రెండు భాషలుండేవి ఉన్నాయి. హైదరాబాద్‌లోని ‘మంచి పుస్తకం’, ఢిల్లీలోని నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. బెంగళూరు కేంద్రంగా 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ 2015లో ‘స్టోరీవీవర్’ పేరుతో ఉచిత కథల వేదికను ప్రారంభించింది. అక్కడి కథలను దించుకుని, మూలకర్తల పేర్లు పేర్కొంటూ ముద్రించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మరో భాషలోకి తెచ్చుకోవచ్చు. ఆ వేదిక కథలను నాలుగు స్థాయులుగా విభజించింది. మొదటి స్థాయి కథ 250 మాటలు దాటదు. ఈ స్థాయులు చదివేవారి నేర్పును బట్టి నిర్ణయించినవే గాని వినేవారి వయసును బట్టి కావు. కాబట్టి ఇప్పుడిప్పుడే తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్న తల్లికి మొదటి స్థాయి కథ సరిగ్గా అమరుతుంది. బిడ్డకోసమని తెచ్చిన పుస్తకం తల్లి ఆగిపోయిన చదువును కొనసాగిస్తుంది. ఎంపికలో ఈ రెండో ప్రయోజనాన్ని దాచి ఉంచడమే మర్యాద. ‘నీకోసం’ అని ఇస్తే చిన్నబుచ్చుకునే అమ్మాయి ‘పాపకోసం’ అంటే తీసుకుంటుంది.

కథను సొంతంగా ముద్రించుకునేవారికి మరో మార్గముంది. తెలుగు వాక్యాన్నే, తల్లికి వచ్చిన బెంగాలీ అక్షరాల్లో కింద రాసి ఇవ్వవచ్చు. భాషాశాస్త్రం చదివినవారు దీనికి అభ్యంతరం చెబుతారు. బెంగాలీ లిపిలో ఎ, ఏ లకు వేర్వేరు గుర్తులు లేవు. ‘మెడ’, ‘మేడ’ ఒకే తీరున కనిపిస్తాయి. ‘వ’కు విడిగా అక్షరం లేదు. అభ్యంతరం సరైనదే. కానీ చదివే అమ్మాయి మాతృభాష తెలుగు. బొమ్మలో రెండంతస్తుల ఇల్లు కనిపిస్తుండగా ఆమె దాన్ని ‘మెడ’ అని పలకదు. లిపి ఇక్కడ జ్ఞాపకానికి ఊతం మాత్రమే.

భాష విషయంలో మరో చిక్కు ఉంది. తెలుగులో వెలువడే పసివాళ్ల పుస్తకాలు కొన్ని పసివాళ్ల తెలుగులో ఉండవు. బిడ్డ ‘బువ్వ’ తింటుంది, ‘లాల’ పోసుకుంటుంది, ‘బజ్జుంటుంది’. పుస్తకంలోని పాప మాత్రం ‘ఆహారం’ తీసుకుని, ‘స్నానం’ చేసి, ‘నిద్రిస్తుంది’. శ్రీకాకుళం యాసలో బిడ్డను ‘గుంట’ అని పిలుచుకునే ఇంటికి ఈ పాప అద్దెకు వచ్చిన అతిథిలా కనిపిస్తుంది. పుస్తకం ఎన్నుకునేవారు రెండు పుటలు పైకి చదివి చూడాలి. ఇంట్లో ఎవరూ అనని మాటలు వరుసగా తగిలితే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టవచ్చు, లేదా తల్లికి ‘ఇందులో మాటలు నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో’ అని చెప్పి ఇవ్వవచ్చు. భాషలు కలిసిపోతాయేమోనన్న భయం అక్కర్లేదు. ఇంట్లో చేప, వీధిలో ‘మాఛ్’ అనే బిడ్డకు రెండూ ఒకటేనని తెలుసు. చందమామ తెలుగులోనూ బెంగాలీలోనూ మేనమామే కనుక అక్కడ అనువాదం అవసరమే ఉండదు.

ఇక బొమ్మల సంగతి. బజారుల్లో విరివిగా అమ్మే మెరుపు కాగితాల పుస్తకాల్లో పుటకొక వస్తువు, దాని కింద పేరు ఉంటాయి. ఏడాది లోపు బిడ్డకు పేర్లు చెప్పడానికి అవి పనికివస్తాయి. ఆ పైన ‘ఇదేమిటి, అదేమిటి’ అన్న పరీక్షగా మారతాయి. పచ్చిక బయలున్న ఇల్లు, కళ్లద్దాలు పెట్టుకున్న ముప్పయ్యేళ్ల అమ్మ, విడి గదిలో పడుకున్న బిడ్డ నిండిన పుస్తకాలు రైల్వే క్వార్టరులో అత్తమామలు, మరుదులతో కలిసి ఉండే పదిహేడేళ్ల తల్లికి తాను అమ్మలా లేనన్న భావన కలిగించవచ్చు. నానమ్మ, పిన్ని, పక్కింటివారు కనిపించే కథలు, పిల్లికూనలూ కోడిపిల్లలూ పాత్రలైన కథలు ఈ ఇబ్బందిని తప్పిస్తాయి. జంతువుల కథలో తల్లి వయసు ఎవరికీ కనిపించదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పుస్తకం చూసి తల్లికి నవ్వు రావాలి. ఆమె కూడా అల్లరి పూర్తిగా వదలని వయసులోనే ఉంది. నీతి కథలు, ‘మంచి అమ్మ ఇలా చేస్తుంది’ అని పాఠం చెప్పే పుస్తకాలు ఎంత సదుద్దేశంతో రాసినవైనా ఆరోగ్య కేంద్రం కరపత్రంలా అనిపిస్తాయి. ఆమెకు రోజంతా దక్కేవి అవే మాటలు.

పుస్తకం పొడవు కూడా ఆమె దినచర్యను బట్టే ఉండాలి. వంట, నీళ్లు, బట్టలు ముగిసి బిడ్డతో తీరిగ్గా కూర్చునే సమయం ఆమెకు కొద్దిగానే చిక్కుతుంది. పది పన్నెండు పుటలు చాలు. గట్టి అట్టల పుస్తకమైతే మేలు. బిడ్డ మొదట దాన్ని నోట్లో పెట్టుకుంటుంది, అదీ పుస్తక పరిచయమే. గ్రంథాలయం పుస్తకమైతే చిరిగితే డబ్బు కట్టాలేమోనని తల్లి దాన్ని బిడ్డకు అందనివ్వదు. అందుకని అరువు తెచ్చిన ఖరీదైన పుస్తకం కంటే సొంతమైన చవక పుస్తకమే మంచిది.

ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నదానికి 1989లో అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రిలో మొదలైన ‘రీచ్ అవుట్ అండ్ రీడ్’ కార్యక్రమం ఒక దారి చూపింది. పిల్లల వైద్యులే పరీక్షకు వచ్చిన బిడ్డకు పుస్తకం ఇచ్చి, ఎలా చూపించాలో తల్లికి రెండు మాటలు చెబుతారు. మన దేశంలో టీకాల పట్టిక ఇందుకు సిద్ధంగా ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో, మళ్లీ పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య తల్లి బిడ్డతో రావలసిందే. ఆరు వారాల బిడ్డకు జానెడు దూరంలోనివే బాగా కనిపిస్తాయి కనుక నలుపు తెలుపుల్లో పెద్ద ఆకారాలున్న ఒక మడత కాగితం సరిపోతుంది. తల్లి స్వయంగా గీసి ఇచ్చినా చాలు. పద్నాలుగు వారాలకు ముఖాల బొమ్మలు, తొమ్మిదో నెలకు నోట పెట్టినా చిరగని అట్టల పుస్తకం, ఏడాదిన్నరకు చిన్న కథ. చిన్న వయసు బయటపడుతుందేమోనని కేంద్రానికి రావడానికి జంకే తల్లులు ఉంటారు. అటువంటివారికి పుస్తకమిచ్చే చోట పెళ్లి తేదీ అడగకూడదు. బాల్యవివాహంపై ఫిర్యాదులకు 1098 ఉంది. ఆ పని, ఈ పని ఒకే బల్ల దగ్గర జరగరాదు.

ఫోనులో కథలు దొరుకుతున్నప్పుడు అచ్చు పుస్తకమెందుకన్న ప్రశ్న సహజం. ఏడాది నిండని పిల్లలకు తెర వద్దని, పెద్దలు కథ చెప్పడం, చదివి వినిపించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫోను తల్లికి పనికివస్తుంది. బిడ్డ నిద్రపోయిన వేళ కథను ఆమె ఒకసారి చూసుకోవచ్చు, తెలియని అక్షరం ఎవరినైనా అడగవచ్చు. బిడ్డ ముందు మాత్రం కాగితమే ఉండాలి. ఫోనైతే కథ మధ్యలో మోగుతుంది.

చివరికి ఎంపిక ఎవరిదన్న విషయం మిగిలింది. అంగన్‌వాడీ కార్యకర్తగాని, పేటలోని సంఘంగాని తామే ఒక పుస్తకం నిర్ణయించి అందరికీ పంచడం సులువు. దానికి బదులు నాలుగైదు పుస్తకాలు చాప మీద పరిచి, తల్లులను కాసేపు వాటితో వదిలేయడం మంచి పద్ధతి. ఏ అమ్మాయి ఏ పుస్తకాన్ని రెండోసారి తిరగేసిందో గమనించి, దాన్ని ఆమెకు ఇచ్చేస్తే సరి.